రక్తం చెప్పే సాక్ష్యం

మన కళాశాల వార్షిక సంచికకు ప్రతి యేటా ఒక సాహిత్య వ్యాసం సమర్పించడం మాకు అలవాటు. ఈసారి సంపాదక వర్గం వారు వ్యాసం అడిగేనాటికి మా బల్లమీద ప్రబంధాలకన్న నెత్తురు పరీక్షల కాగితాలే ఎక్కువగా పేరుకొని ఉన్నవి. నాలుగేండ్లుగా మేము వాటిని పాఠ్యగ్రంథాలవలె చదువుతూ వస్తున్నాము. తెలుగు పాఠం చెప్పుకొనే వారికి వైద్యశాస్త్రంతో ఏమి పని అని విద్యార్థులు అడుగవచ్చును. మాటకు అర్థం చెప్పడం మా వృత్తి. అంకె కూడ ఒక మాటయేననీ, సందర్భాన్ని విడిచి దానికి అర్థం చెప్పరాదనీ ఆ కాగితాలు మాకు నేర్పినవి. నేర్చినది నలుగురితో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాటను గురించి చెప్పవలసి ఉన్నది. తెలుగులో కీళ్ళవాతం అంటాము. మా ఇండ్లలో ఉర్దూ మాట్లాడే పెద్దలు గఠియా అంటారు. ఈ రెండింటిలో ఏ మాట విన్నా మన మనస్సులో మెదిలే బొమ్మ ఒక్కటే: అరుగుమీద కూర్చుండి మోకాలికి నూనె రాసుకొంటున్న ముసలివారు. మనకు తెలియకుండానే మన భాష ఆ వ్యాధికి వయస్సు కట్టిపెట్టింది. అందుచేత మూడు నాలుగేండ్ల పసిబిడ్డ ఉదయాన కుంటుతూ నడిస్తే ఎక్కడో పడినదేమో అంటాము, దిష్టి తగిలిందంటాము, పెరిగే వయస్సు నొప్పులంటాము. కీళ్ళవాతం అన్న మాట మాత్రం నోటికి రాదు. ఆ మాట వచ్చేసరికి కొన్ని నెలలు గడచిపోతాయి. కొందరు పిల్లలకు ఆ నెలల మూల్యం జీవితాంతం చెల్లించవలసి వస్తుంది.

పిల్లలకు ఈ జబ్బు కొత్తగా వచ్చినది కాదు. 1897లో లండన్ నగరంలో జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అనే యువ వైద్యుడు 22 మంది పిల్లల కీళ్ళ వ్యాధిని పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించాడు. కొందరు పిల్లలలో కీళ్ళతో పాటు జ్వరం రావడం, ప్లీహం పెరగడం, గ్రంథులు వాయడం గమనించి, ఇది పెద్దలకు వచ్చే వాతంకన్న భిన్నమైనదని అతడు వివరించాడు. నేడు వైద్యులు దీనిని జువెనైల్ ఇడియోపథిక్ ఆర్థ్రైటిస్ అంటున్నారు. పదహారేండ్లు నిండకముందే మొదలై, కనీసం 6 వారాలు నిలిచి ఉండి, వేరొక కారణమేదీ దొరకని కీళ్ళవాపు అని దాని నిర్వచనం. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ, కావలివాడే కన్నం వేసినట్లు, సొంత కీళ్ళమీదనే తిరుగబడడం ఈ వ్యాధి స్వభావం. ఇందులో రకాలున్నవి. ఒకటి రెండు కీళ్ళతో నిలిచేది ఒకటి, అనేక కీళ్ళకు ప్రాకేది ఒకటి, తీవ్ర జ్వరంతో శరీరమంతటినీ పట్టేది మరొకటి.

మా చెల్లెలు నంద్యాలలో ఉంటుంది. ఆమె భర్త కువైటులో ఉద్యోగం. వారి అమ్మాయికి నాలుగవ యేట కుడి మోకాలు వాచింది. మధ్యాహ్నానికి ఆడుకొనేది, పొద్దున లేవగానే మంచం పట్టె పట్టుకొని ఏడ్చేది. ఒకసారి మేము వెళ్ళినప్పుడు, ఎందుకమ్మా ఏడుస్తున్నావని అడిగితే, "మామూ, నేను లేచినాను, నా కాళ్ళు ఇంకా నిద్ర లేవలేదు" అన్నది. ఊళ్ళోని ఒక వైద్యుడు నెత్తురు పరీక్ష చేయించి, వాతానికి సంబంధించిన పరీక్ష నెగెటివ్‌గా వచ్చింది గనుక వాతం లేదని తేల్చి, బలానికి ఒక సీసా మందు వ్రాశాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకొన్నారు. అట్లా 7 నెలలు గడచినవి. ఆ పాటికి పాప మోకాలు పూర్తిగా చాపలేని స్థితికి వచ్చింది. హైదరాబాదులో పిల్లల కీళ్ళ వ్యాధులు చూసే డాక్టరు గారివద్దకు తీసికొని వెళ్ళేవరకు, నెగెటివ్ అన్న ఆ ఒక్క మాటే బిడ్డ కాలికి సంకెల అయిందని మాకు తెలియలేదు.

ఆ పరీక్ష పేరు రుమటాయిడ్ ఫ్యాక్టర్. 1940లో నార్వేకు చెందిన ఎరిక్ వాలర్, 1948లో అమెరికాలో హ్యారీ రోజ్ వేరువేరుగా కనుగొన్న లక్షణంమీద అది ఆధారపడి ఉన్నది. పెద్దల వాతంలో అది చాలమందికి కనబడుతుంది. పిల్లలలోనో, వ్యాధి ఉన్న నూరుమందిని పరీక్షిస్తే సుమారు అయిదుగురిలో మాత్రమే కనబడుతుంది. తక్కిన తొంభై అయిదుగురికి నెగెటివ్ అనే వస్తుంది. పెద్దల సంగతి తెలిసిన సాక్షిని పిల్లల వ్యాజ్యంలో నిలబెట్టి, అతడు "నాకు తెలియదు" అంటే, "నేరమే జరుగలేదు" అని తీర్పు వ్రాసినట్లయింది. డాక్టరు గారు కాగితాన్ని ప్రక్కన పెట్టి, పాప రెండు మోకాళ్ళనూ తన అరచేతులతో తాకి పోల్చి చూశారు. తరువాతనే, "లెక్చరర్ గారూ, పిల్లల కీళ్ళవాతాన్ని నిర్ధారించే నెత్తురు పరీక్ష ఏదీ లేదు. నిర్ధారించేది చెయ్యి, కన్ను, కాలం. నెత్తురు మనకు సాయం మాత్రం చేస్తుంది" అన్నారు. ఆ రోజునుండి మాకు ఈ విద్యలో ఓనమాలు మొదలైనవి.

వ్యాధి పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అని తెలుసుకోవడానికి నెత్తురులో వెదకే గుర్తులను ఇంగ్లీషులో బయోమార్కర్లు అంటారు. మేము వాటిని రక్తసూచికలు అని పిలుచుకొంటున్నాము. వాటిలో అన్నిటికన్న పాతది ఈ.ఎస్.ఆర్. అనే పరీక్ష. స్టిల్ తన వ్యాసం ప్రకటించిన 1897లోనే వార్సా నగరంలో బియెర్నాట్స్కి అనే వైద్యుడు, గడ్డకట్టకుండ చేసిన నెత్తురును గొట్టంలో నిలిపితే ఎర్రకణాలు అడుగుకు దిగే వేగం రోగాన్నిబట్టి మారుతుందని వ్రాశాడు. తరువాత స్వీడన్ దేశంలో ఫారియస్ 1918లోను, వెస్టర్‌గ్రెన్ 1921లోను దానిని తిరిగి పరిశోధించారు. నేటికీ వెస్టర్‌గ్రెన్ పద్ధతే ప్రమాణం. ఇందులోని సూత్రం సులభమైనది. ఎర్రకణాలు మామూలుగా ఒకదానినొకటి దూరంగా నెట్టుకొంటాయి. శరీరంలో వాపు చెలరేగినప్పుడు కాలేయం ఫైబ్రినోజెన్ వంటి మాంసకృత్తులను ఎక్కువగా వదలుతుంది. అవి కణాలమధ్యనున్న ఆ వికర్షణను తగ్గిస్తాయి. అప్పుడు కణాలు నాణేలు దొంతర పెట్టినట్లు ఒకదానిమీద ఒకటి చేరి, బరువెక్కి, త్వరగా దిగిపోతాయి. ఒక గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగినవో అదే ఈ.ఎస్.ఆర్. అంకె. మా పాపకు మొదటిసారి అది 48.

ఒక గొట్టం, ఒక గడియారం ఉంటే చాలు, ఏ చిన్న ఊరిలోనైనా చేయగల పరీక్ష ఇది. అదే దాని గొప్పతనం. అయితే ఈ సాక్షికి ఒక బలహీనత కూడ ఉన్నది. రక్తహీనత ఉన్నవారిలో, వాపు లేకున్నను ఎర్రకణాలు త్వరగా దిగుతాయి. 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 6 నెలలనుండి 59 నెలల వయస్సు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే మన పిల్లల ఈ.ఎస్.ఆర్. కాగితంమీద పళ్ళెంలోని ఆహారం కూడ తన వ్రాత వ్రాస్తున్నదన్న మాట. ప్రక్క వరుసలో ఉన్న హిమోగ్లోబిన్ అంకెను చూడకుండ ఈ అంకెను చదవడం, పద్యంలో క్రియను వదలిపెట్టి కర్తకు అర్థం చెప్పడం వంటిది.

రెండవ సాక్షి సి.ఆర్.పి. దీని చరిత్ర 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో మొదలైంది. టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తంలో ఒక పదార్థాన్ని కనుగొన్నారు. అది ఆ సూక్ష్మజీవి పైపొరలోని సి అనే అంశంతో కలిసి తెల్లని మడ్డిగా పేరుకొన్నది. ఆ సి అక్షరమే దాని పేరులో నిలిచిపోయింది. వాపు మొదలైన కొన్ని గంటలలోనే కాలేయం దీనిని వదలడం ప్రారంభిస్తుంది. వాపు తగ్గితే సుమారు 19 గంటలకు ఒకసారి సగానికి సగం తగ్గుతూ పోతుంది. ఈ.ఎస్.ఆర్. నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గుతుంది. సి.ఆర్.పి. తొందరగా వచ్చి తొందరగా పోతుంది. ఒకరు వారం కింద జరిగిన సంగతి చెప్పే ముసలివారైతే మరొకరు నిన్నటి వార్త మాత్రమే చెప్పగల కుర్రవారు. ఇద్దరినీ కలిపి వినవలెను. అయితే ఒక్క మోకాలు మాత్రమే వాచిన బిడ్డ విషయంలో ఈ ఇద్దరూ మౌనంగా ఉండవచ్చును. పైగా వాపును నడిపే ఇంటర్‌ల్యూకిన్ 6 అనే సందేశాన్ని అడ్డగించే టోసిలిజుమాబ్ వంటి మందు వాడుతున్న పిల్లలలో సి.ఆర్.పి. దాదాపుగా మాయమవుతుంది. ఎందుకంటే కాలేయానికి సి.ఆర్.పి. తయారు చేయమని చెప్పేది ఆ సందేశమే. వాపు ఇంకా ఉన్నప్పటికీ, మరొక అంటురోగం వచ్చినప్పటికీ సాక్షి నోరు కట్టివేసి ఉంటుంది.

సాక్షి మౌనం వహించడమే కాక, కొన్ని వేళల తారుమారుగా మాట్లాడుతుందని మేము హైదరాబాదు ఆసుపత్రి వరండాలో తెలుసుకొన్నాము. అక్కడ మాకు ఒక తండ్రితో పరిచయమైంది. ఆయన కుమారుడికి జ్వరంతో కూడిన రకం వ్యాధి. వారం కింద వందకు పైగా ఉన్న ఈ.ఎస్.ఆర్. ఇరవైకి దిగిందని ఆయన ఆనందంగా మాకు కాగితం చూపించాడు. ఆ సాయంత్రమే పిల్లవాడిని అత్యవసర విభాగానికి మార్చారు. తరువాత డాక్టరు గారు మాకు వివరించారు. ఈ రకంలో కొందరికి రక్షణ కణాలు అదుపు తప్పి విజృంభిస్తాయి. దానిని మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ అంటారు; అది ప్రాణాంతకం కాగలదు. అప్పుడు నెత్తురులోని ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది. దొంతరలు కట్టించేది అదే గనుక, అది లేకపోతే కణాలు త్వరగా దిగవు. బిడ్డ క్షీణిస్తుంటే ఈ.ఎస్.ఆర్. మెరుగుపడినట్లు కనబడుతుంది. ఆ సమయంలో నిజం చెప్పే సాక్షి ఫెరిటిన్. 2016లో ప్రపంచ నిపుణులు కలిసి నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం, ఈ రకం వ్యాధి ఉన్న బిడ్డకు జ్వరం ఉండి, ఫెరిటిన్ మిల్లీలీటరుకు 684 నానోగ్రాములు దాటి, ప్లేట్‌లెట్లు తగ్గడం, ఫైబ్రినోజెన్ తగ్గడం, కొవ్వు పెరగడం, కాలేయపు ఎంజైము పెరగడం అనే నాలుగింటిలో ఏ రెండు కనబడినా ఆ ఉపద్రవంగా గుర్తించవలెను. పిల్లవాడు బ్రతికి బయటపడ్డాడు. తగ్గిన అంకెను చూసి వైద్యులు కూడ సంతోషించి ఊరకుంటే ఏమయ్యేదో తలచుకొంటే మాకు నేటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక మా ఇంటి సంగతికి వస్తాము. పాపకు మోకాలిలో ఒక ఇంజెక్షను ఇచ్చి, మెథోట్రెక్సేట్ అనే మందు వారానికి ఒక్కసారి మాత్రమే వేయవలెనని డాక్టరు గారు వ్రాశారు. పొరబాటున ప్రతిరోజూ వేస్తే ప్రమాదమని మూడుసార్లు చెప్పి, ఏ వారమో మా చేతనే పలికించి, చీటీమీద పెద్ద అక్షరాలతో శుక్రవారం అని వ్రాయించారు. రెండేండ్లు గడచినవి. మోకాలు చాపగలిగింది. బడికి పరుగెత్తుకొని పోసాగింది. ఈ.ఎస్.ఆర్. 12కు వచ్చింది, సి.ఆర్.పి. మామూలుగా ఉన్నది. కాగితంమీద ఎక్కడా నక్షత్రపు గుర్తు లేదు. ఆ కాగితం ఫొటో ఫోనులో కువైటు చేరింది. ఆ రాత్రే మా బావ మాకు ఫోను చేశాడు. "భాయ్, రక్తం చక్కగా ఉన్నది గదా. ఆ మందు కాన్సరుకు వాడే మందంట. ఆడపిల్ల, రేపు పెండ్లి కావలసినది. ఇంక చాలించరాదా?" అన్నాడు. ఎడారిలో ఎండకు మాడుతూ బిడ్డ మందులకు డబ్బు పంపే తండ్రి మాట అది. దానిలో కరకుదనం లేదు, భయమే ఉన్నది. మా తల్లిగారు కూడ అల్లుడి మాటకే మొగ్గు చూపారు.

ఆ ప్రశ్న మా ఇంటి ప్రశ్న మాత్రమే కాదనీ, ప్రపంచమంతటా తల్లిదండ్రులూ వైద్యులూ అడుగుతున్నదేననీ మేము తరువాత చదివి తెలుసుకొన్నాము. కీళ్ళు నిమ్మళించిన తరువాత ఈ మందును ఎప్పుడు ఆపవలెనన్న విషయమై 29 దేశాలలోని 364 మంది పిల్లలమీద జరిగిన ఒక పరిశోధన 2010లో వెలువడింది. వ్యాధి అణగిన తరువాత ఒక వర్గానికి 6 నెలలు, రెండవ వర్గానికి 12 నెలలు మందు కొనసాగించి ఆపివేశారు. రెండు వర్గాలలోనూ సగానికి పైబడి పిల్లలకు వ్యాధి తిరుగబెట్టింది. తిరుగబెట్టిన పిల్లల రక్తాన్ని, మందు ఆపడానికి ముందే తీసి ఉంచిన దానిని, పరీక్షించి చూడగా, ఒక మాంసకృత్తు ఎక్కువగా కనబడింది. బయటికి అంతా చల్లారినట్లు ఉన్నా బూడిద కింద నిప్పు ఉన్నదని అది చెప్పినట్లయింది.

ఆ మాంసకృత్తును ఎస్100 ఎ8, ఎ9 జంట అనీ, కాల్‌ప్రొటెక్టిన్ అనీ అంటారు. ఈ పేరు పుట్టుక మాకు ముచ్చటగా తోచింది. 1965లో మూర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కుటుంబానికి చెందిన మొదటి మాంసకృత్తును మెదడునుండి వేరు చేసినప్పుడు, నూటికి నూరుపాళ్ళు సంతృప్తమైన అమ్మోనియం సల్ఫేటు ద్రావణంలో కూడ అది కరిగి నిలిచిందట. ఆ నూరే దాని పేరులోని వంద. సి.ఆర్.పి.ని కాలేయం చేస్తుంది; ఇది కీలు దగ్గర పోరాడుతున్న తెల్లకణాలనుండి నేరుగా వస్తుంది. దూరాన ఉన్న పోలీసు ఠాణా వ్రాసుకొన్న ఫిర్యాదుకూ, సంఘటన స్థలంలో ఉన్నవాడి వాఙ్మూలానికీ ఉన్న భేదం వంటిదిది. ఐనను దీనిని కూడ దైవవాక్కుగా తీసికొనరాదు. 2019లో అమెరికాలో ప్రకటించిన మరొక పరిశోధనలో, వేరు రకం మందులు ఆపిన పిల్లల విషయంలో ఈ సూచిక, ఎవరికి వ్యాధి తిరుగబెడుతుందో ముందుగా చెప్పలేకపోయింది. పిల్లలు వేరు, మందు వేరు, సందర్భం వేరు. అందుచేత అర్థమూ వేరైంది. మన జిల్లా ఆసుపత్రులలో మామూలుగా చేసే పరీక్ష కూడ కాదిది. ఈ పరిశోధనలన్నీ తల్లిదండ్రులకు చెప్పేది ఒక్కటే: అంకె మామూలైనంత మాత్రాన జబ్బు ఇల్లు వదలిపోయిందని అర్థం కాదు.

మేము బావకు వాదన చెప్పలేదు. డాక్టరు గారు వ్రాసిన తేదీకి కంటి పరీక్ష ఉన్నది, అది అయిన తరువాత మాట్లాడుకొందామని మాత్రం అన్నాము. కీళ్ళ జబ్బుకు కంటి పరీక్ష ఎందుకని ఇంట్లో అందరికీ ఆశ్చర్యమే. మా పాపకు మొదటనే ఏ.ఎన్.ఏ. అనే పరీక్ష పాజిటివ్‌గా వచ్చింది. అది వ్యాధిని నిర్ధారించదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలలో కూడ కొందరికి వస్తుంది. కాని, కీళ్ళవాతం ఉన్న బిడ్డకు అది ఉంటే కంటిలోపలి పొర వాచే ప్రమాదం హెచ్చు. చిన్న వయస్సులో వ్యాధి వచ్చి, కొద్ది కీళ్ళు మాత్రమే వాచిన పిల్లలలో ఆ ప్రమాదం మరింత. ఆ వాపు కన్ను ఎర్రబడనీయదు, నొప్పి పుట్టనీయదు, నీరు కార్చదు. చూపు మందగించేవరకు బిడ్డకు గాని తల్లికి గాని తెలియదు. స్లిట్ ల్యాంప్ అనే దీపంతో కంటివైద్యులు లోపలికి చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఇట్టి పిల్లలకు మూడు నెలలకు ఒకసారి కంటి పరీక్ష చేయించాలని నియమం.

రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్ళాము. కంటి డాక్టరు గారు పాప గడ్డాన్ని యంత్రంమీద ఆనించి చాలాసేపు చూశారు. ఎడమ కంటి ముందు గదిలో వాపు కణాలు తేలుతున్నవన్నారు. చూపు ఇంకా చెడలేదు. అదే రోజున తీసిన రక్తంలో ఈ.ఎస్.ఆర్. 12, సి.ఆర్.పి. మామూలు. రక్తానికి ఏమీ తెలియదు, కన్ను మాత్రం నిశ్శబ్దంగా కాలుతున్నది. చుక్కల మందు మొదలైంది, మెథోట్రెక్సేట్ ఆపలేదు, కొంతకాలానికి అడాలిముమాబ్ అనే ఇంజెక్షను కూడ చేర్చవలసి వచ్చింది. మేము ఫోనులో ఆ సంగతి చెప్పినప్పుడు బావ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ఆయన మందు ఆపమని అనలేదు. ఇప్పుడు ఫోను చేస్తే మొదట అడిగేది, "భాయ్, కన్ను చూపించినారా?" అని. పాపకు ఇప్పుడు ఎనిమిదేండ్లు. ఏడాదిగా కన్ను నిమ్మళంగా ఉన్నది.

మా వృత్తికి సంబంధించిన ఒక మాట ఇక్కడ చెప్పకుండ ఉండలేము. వైద్యులు రోగపు గుర్తును లక్షణం అంటారు. అలంకార శాస్త్రంలో లక్షణ అనే శబ్దవృత్తి ఒకటి ఉన్నదని మా విద్యార్థులకు తెలుసు. మాటకున్న వాచ్యార్థం పొసగనప్పుడు, దానికి సంబంధించిన మరొక అర్థాన్ని గ్రహించడం లక్షణ. "నా కాళ్ళు ఇంకా నిద్ర లేవలేదు" అన్న పాప మాటలో వాచ్యార్థం పొసగదు, కాళ్ళు నిద్రపోవు. ముద్దుమాట అనుకొని నవ్వి ఊరకుంటే అక్కడితో సరి. అందులోని అర్థాన్ని వెదకితే, రాత్రంతా కదలక బిగుసుకొన్న కీళ్ళు సడలడానికి పట్టే సమయం దొరుకుతుంది. మేము ఆ మాట చెప్పగానే డాక్టరు గారు నవ్వలేదు. "ఎంతసేపటికి లేస్తాయి తల్లీ?" అని పాపనే అడిగి, ఆ సమయాన్ని నిమిషాలలో వ్రాసుకొన్నారు. పరీక్షాశాల తేల్చలేని దానిని నాలుగేండ్ల బిడ్డ ఒక వాక్యంలో చెప్పింది. ఆ వాక్యాన్ని సాక్ష్యంగా తీసికొనే చెవి దొరకడానికే 7 నెలలు పట్టింది.

రక్తసూచికలను తక్కువ చేయడం మా అభిమతం కాదు. అవి లేకపోతే ఆ ఆసుపత్రి పిల్లవాడు బ్రతికేవాడు కాదు, ఏ.ఎన్.ఏ. లేకపోతే మా పాప కంటిని అంత జాగ్రత్తగా కాచుకొని ఉండేవాళ్ళం కాదు. రక్తం అబద్ధం చెప్పదు. తనను అడిగిన దానికి, తనకు తెలిసినంతవరకు, జవాబు చెబుతుంది. ఏమి అడిగామో మరచి జవాబు మాత్రం పట్టుకొనడం మన లోపం. సాక్షిని సాక్షిగా ఉంచవలెను, న్యాయపీఠంమీద కూర్చుండబెట్టరాదు.

విద్యార్థినీ విద్యార్థులారా, మీలో చాలమంది ఇండ్లలో మొదటి తరం చదువరులు. ఆసుపత్రినుండి వచ్చిన కాగితం ముందుగా మీ చేతికే ఇచ్చి, ఏమున్నదో చదివి చెప్పమంటారు. అప్పుడు నక్షత్రపు గుర్తు ఉన్నదా లేదా అని మాత్రమే చూసి తీర్పు చెప్పకండి. ఇది ఏ పరీక్ష, ఎందుకు చేయించారు, పోయినసారి ఎంత ఉన్నది అని డాక్టరును అడుగండి. కాగితాలను తేదీల వరుసలో దాచిపెట్టండి. ఒక్క అంకెకన్న అంకెల వరుస ఎక్కువ చెబుతుంది. మీ ఇంటిలోనో, ప్రక్క ఇంటిలోనో పసిబిడ్డ పొద్దున కుంటుతూ, మధ్యాహ్నానికి మామూలుగా తిరుగుతుంటే, ఆరు వారాలు దాటినా వాపు తగ్గకుంటే, అది ముసలివాళ్ళ జబ్బు అని కొట్టివేయక పెద్ద ఆసుపత్రి దారి చూపండి. ఆ ఒక్క మాట ఒక కాలినో, ఒక కంటినో నిలబెట్టవచ్చును.

కళాశాల పాలక వర్గం వారికి కూడ మాదొక విన్నపం. ఈ పిల్లలు పెరిగి పెద్దవారై మన తరగతులకే వస్తారు. వారిలో కొందరికి ఆ జబ్బు యౌవనంలో కూడ వెంట వస్తుంది. చూడడానికి ఆరోగ్యవంతులవలెనే ఉంటారు. మొదటి పీరియడుకు ఆలస్యంగా వస్తే సోమరితనమంటాము. మేడమీది తరగతికి మెట్లు ఎక్కలేమంటే సాకంటాము. హాజరు మినహాయింపు కోరితే పరీక్షల కాగితం తెమ్మంటాము. ఆ కాగితంలో అంతా మామూలుగా ఉండవచ్చును, నొప్పి మాత్రం నిజమై ఉండవచ్చును. అందుచేత ఇట్టి విద్యార్థుల విషయంలో వైద్యుని ఉత్తరాన్నీ, విద్యార్థి మాటనూ చాలినంత ఆధారంగా స్వీకరించి, వారి తరగతిని కింది అంతస్తులో జరిపించే ఏర్పాటు చేయవలెననీ, ఆసుపత్రికి వెళ్ళిన దినాలను గైరుహాజరుగా లెక్కించరాదనీ కోరుతున్నాము. దీనికి కావలసిన ధనం స్వల్పం. ఎదుటివారి మాటను నమ్మే మనస్సు మాత్రం కావలెను. వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాలకు ముందే ఈ విషయం సమావేశంలో చర్చకు వస్తుందని ఆశిస్తున్నాము.